ఆకుల మీద ఎంగిలి

ప్రయోగశాల, శీతల గది పక్కన

పెద్దమ్మా,

మీ అడవి కేంద్రంలో ఫోను పలకదని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది. ఫోనైతే "తిన్నావా, పడుకున్నావా" అనుకుని పెట్టేసేవాళ్ళం. వారానికోసారి మీ జీపు డ్రైవరు ఇక్కడికి నమూనాలు తెస్తాడు కదా, తిరిగి వెళ్ళేటప్పుడు అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తాను. నాకు రాయడం సరదా అని నీకు తెలుసు. భరించు.

నువ్వు ఇన్నేళ్ళుగా కోసి పంపిన ఆకులు చివరికి నా చేతికే వచ్చాయి. ఆకులుగా కాదు, పొడిగా. ఒక్కో ఏడుదీ ఒక్కో డబ్బా. మూత తీస్తే పొగలాంటి చలి ముఖానికి కొడుతుంది. లోపల పళ్ళపొడిలా మెత్తగా, ఇంకా పచ్చగానే ఉంటుంది. గాలిలోంచి పొగా సీసమూ ఎంత పడుతున్నాయో చూడడానికని మొదలుపెట్టిన కోత కదా ఇది. ఇప్పుడు మా మేడం అదే పొడిలో పురుగుల్ని వెతకమంటోంది.

పొడిలో పురుగులెక్కడుంటాయే అంటావు. ఉండవు. అవి వదిలిపోయినవి ఉంటాయి. ఆకు కొరికినప్పుడు అంటిన నోటి తడి, నడిచినప్పుడు రాలిన నూగు, రెట్ట. వాటిలో ఆ పురుగు డీఎన్‌ఏ ముక్కలుంటాయి. వాటిని విడదీసి యంత్రానికిస్తే, ఇది ఫలానా చిమ్మట, అది ఫలానా ముక్కుపురుగు అని పేరు పెట్టి చెబుతుంది. మా పుస్తకాల్లో దీనికి పర్యావరణ డీఎన్‌ఏ అని పెద్ద పేరుంది. నాకు మాత్రం మన మాట ఒక్కటి చాలు: ఎంగిలి. ఎప్పుడో చచ్చిపోయిన పురుగుల ఎంగిలిని నేను ఇవాళ చదువుతున్నాను. మేడంతో ఈ మాటే అంటే నవ్వి, "బాగుంది, థీసిస్‌లో మాత్రం రాయకు" అంది.

పని బాగుంది కానీ ఒళ్ళు హూనం. చుక్క చుక్కగా గొట్టాల్లో పోసీ పోసీ కుడి బొటనవేలు నాది కాదన్నట్టుంది. ఈ గదికి కిటికీ లేదు. బయట పొద్దు ఎక్కిందో దిగిందో శీతల గది మోతకి తెలియదు.

డబ్బాల మీద ఏళ్ళ అంకెలున్నా, నేను నువ్వు పెట్టిన పేర్లే వాడుతున్నాను. వంతెన కట్టిన ఏడు. పెద్దగాలి ఏడు. రెండుసార్లు పూసిన ఏడు. వీటిని చూసి మేడం, "మీ పెద్దమ్మ క్యాలెండరు మా క్యాలెండరు కన్నా నయం" అంది.

నీ మిడత


అడవి కేంద్రం, వరండా

ఒసే మిడతా,

ఉత్తరం అందింది. డ్రైవరు దాన్ని సీటు మీద పడేసి, దాని మీదే కూర్చుని తెచ్చాడు. అంచేత నీ కవిత్వమంతా ఇస్త్రీ చేసినట్టు చదునుగా చేరింది.

ఎంగిలి అన్న మాట నాకూ నచ్చింది. అయితే ఒకటి విను. నా ఆకుల మీద చెట్టు మీది ఎంగిలి తప్ప ఇంకో ఎంగిలి ఉండదు. ఇది రాసిపెట్టుకో. ఏటా ఎండాకాలం చివర అదే వారం, అవే చెట్లు. చేతికి కొత్త తొడుగులు. పొడుగు కర్ర కత్తెరతో కొమ్మ కోస్తే అది ఉతికిన దుప్పటి మీదే పడాలి, నేల తగలకూడదు. దులపకూడదు, కడగకూడదు. పనిలేని మనిషి దగ్గర నిలబడకూడదు. మొదట్లో ఒక కొత్త ఆఫీసరు ఆకు చేత్తో పట్టుకుని వాసన చూడబోతే, "బాబూ, ముక్కు వెనక్కి" అన్నాను. పాపం బదిలీ అయ్యేదాకా నన్ను చూస్తే ముక్కు పట్టుకునేవాడు.

చెట్లు బాగానే ఉన్నాయి. పెద్దాయన కింది కొమ్మలు ఎండబెట్టేశాడు. గూనిది ఇంకా వంగింది. అత్తగారు మాత్రం ఎప్పటిలాగే బిగుసుకుని నిలబడి ఉంది, కొమ్మ అందనివ్వదు. నాకే ఓపిక తగ్గింది. కర్ర ఎత్తితే భుజం "ఇక చాల్లేవే" అంటోంది. మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే గానీ సాయంత్రం దాకా నడవలేకపోతున్నాను.

మీ అమ్మ ఎలా ఉంది? మా చెల్లెలు నాకు రాయదు, అది పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన సంగతే. నువ్వైనా వెళ్ళి చూసి వస్తున్నావా?

ఇంకోటి. పెద్దగాలి ఏడు డబ్బా ఎప్పుడు తెరుస్తావు? ఊరికే అడిగాను.

పెద్దమ్మ


వసతి గృహం, మేడ మీది గది

పెద్దమ్మా,

అనుకున్నదొకటి, అయ్యిందొకటి. రాన్రాను పురుగులు తగ్గిపోతూ కనబడతాయని మా అందరి నమ్మకం. మెట్లు దిగినట్టు దిగే గీత ఒకటి గీసి, చూశారా అని అందరికీ చూపించాలని నా ఆశ. ఆ గీత రాలేదు. రకాలు అప్పుడెన్నో ఇప్పుడూ దాదాపు అన్నే.

రెండు రోజులు నీరసంగా తిరిగాక పేర్లు ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది. వీధి నిండా ఇళ్ళున్నాయి, అన్ని ఇళ్ళలోనూ దీపాలున్నాయి, కానీ పాతవాళ్ళు ఒక్కరూ లేరు. నీ అడవిలో తప్ప ఇంకెక్కడా కనబడని చిమ్మటలు, బెరడు కింద బతికే చిన్న పురుగులు, అన్నీ పోయాయి. వాటి చోట్లోకి వచ్చినవాళ్ళు పక్క అడవిలోనూ వీళ్ళే, నగరం పార్కులోనూ వీళ్ళే. ఎక్కడ చూసినా అవే మొహాలు. అంకెలు చూసినవాడు అంతా బాగానే ఉందంటాడు.

ఎప్పుడు పోయాయి అన్నది ఇప్పుడు ప్రశ్న. పెద్దగాలి వచ్చి సగం చెట్లు కూలాక పోయాయని మీ ఆఫీసువాళ్ళు అప్పుడే తేల్చేశారట. వాళ్ళకి అదే హాయి. గాలి మీద కేసు పెట్టేవాడెవడు? కానీ ఆ ఏడు ఆకుల్ని నువ్వు గాలికి ముందే కోశావు. వాటి మీద పాతవాళ్ళ ఎంగిలి ఉంటే తప్పు గాలిదే. లేకపోతే వాళ్ళు గాలికి ముందే ఖాళీ చేసి పోయారు. అప్పుడు అడవిలోని మడుగు ఎండగొట్టినవాళ్ళనీ, పక్క తోటల్లో మందు కొట్టినవాళ్ళనీ అడగాలి. రెండేళ్ళకో డబ్బానే మాకిచ్చారు కాబట్టి, ఆ ఒక్కటీ లేకపోతే మధ్యలో పెద్ద కంత. ఆ కంతలో ఎవరికి నచ్చిన కథ వాళ్ళు పెట్టుకుంటారు.

అందుకే దాన్ని చివరికి ఉంచాను. రేపు తెరుస్తాను. అమ్మ బాగానే ఉంది. నీ గురించి అడిగితే, "దానికేం, చెట్లున్నాయి" అంది.

నీ మిడత


అడవి కేంద్రం, వరండా

మిడతా,

జీపు వచ్చి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నీ ఉత్తరం లేదు. డ్రైవరుని అడిగితే, "అమ్మాయిగారు కళ్ళు వాచిపోయి ఉన్నారు, నన్ను చూసి కూడా చూడలేదు" అన్నాడు. రేపు తెరుస్తానన్న డబ్బా సంగతి ఏమైంది? మూత బిగుసుకుందా?

పెద్దమ్మ


ప్రయోగశాల, శీతల గది పక్కన

పెద్దమ్మా,

తెరిచాను. పాతవాళ్ళు లేరు. గాలికి ముందే పోయారు. గాలి నిర్దోషి.

అయినా ఏం లాభం లేదు. ఆ డబ్బాలో చెట్టు మీద ఉండకూడనిది ఒకటి కలిసింది. మళ్ళీ మొదటి నుంచీ చేశాను, మళ్ళీ వచ్చింది. "చెట్టుది కానిది ఒకటి దూరితే మిగతావి చెట్టువేనని నేనెలా నమ్మను?" అంది మేడం. ఆ ఏడుని లెక్కలోంచి తీసేస్తారు. నా చేతి పొరపాటే అయ్యుంటుంది. నువ్వు మనసులో పెట్టుకోకు.

చాలా అలసటగా ఉంది.

మిడత


అడవి కేంద్రం, మందుల అలమర పక్క బల్ల

ఏమే,

నా దగ్గర దాపరికాలు ఎప్పటి నుంచి?

నిన్న ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్దగాలి ఏడు నమూనాలో "తల పేను ఆనవాలు కనుగొనబడినందున" ఆ ఏడు కోతలో ఎవరెవరు పాల్గొన్నారో తెలపమని. ఇన్నేళ్ళ కొలువులో నా మీద వచ్చిన మొట్టమొదటి విచారణ పేను గురించి! చదివి ముందు నవ్వాను. తర్వాత కూర్చున్నాను.

నీ చేతి పొరపాటు కాదు. నీకిది తెలిసే ఉంటుంది. తెలిసీ నీ నెత్తిన వేసుకున్నావు. అయినా నీ నెత్తినుంచి వచ్చిందన్న మాట మాత్రం నిజమే. విను.

ఆ ఎండాకాలం నీకు ఆరో ఏడు. మీ అమ్మకి జ్వరం, అందుకే ఆస్పత్రిలో ఉంది అని నీకు చెప్పాం. జ్వరం కాదు. నీకో తమ్ముడు పుట్టాల్సింది. నెలలు నిండకుండా వచ్చాడు, ఉండలేదు. మీ నాన్న ఆస్పత్రికీ పనికీ మధ్య తిరగలేక నిన్ను జీపెక్కించి నా దగ్గరికి పంపేశాడు. నువ్వు ఒక చిన్న పెట్టె, బడిలో అంటించుకున్న బోలెడు పేలు తెచ్చావు. రోజూ ఈ వరండాలోనే నీ తల దువ్వేదాన్ని. దువ్వెన పడగానే నా మోకాలు కొరికేదానివి. గుర్తుందా?

పగలంతా గెంతేదానివి, మిడత అన్న పేరు అప్పటిదే. చీకటి పడితే మాత్రం నిద్రపోయేదానివి కాదు. కళ్ళు తెరుచుకుని పైకప్పు చూసేదానివి. "అమ్మ జ్వరం తగ్గిందా" అని కూడా అడిగేదానివి కాదు. పిల్లలకి చెప్పకపోయినా తెలుస్తుంది.

కోత రోజున నిన్ను వదలడానికి ఇంకో మనిషి లేడు. తోడు తీసుకెళ్ళాను. పెద్దాయన, అత్తగారు అయ్యాక సంచి మూతి కట్టి, దుప్పటి చివర నిన్ను కూర్చోబెట్టి, "కదలకుండా కాపలా కాయి" అన్నాను. గూనిదాని దగ్గర పని ముగించి వచ్చి చూస్తే ముడి విప్పి ఉంది. సంచిలో తల పెట్టుకుని పడుకుని ఉన్నావు. ఆకులు నీ ఊపిరికి కదులుతున్నాయి.

రూలు ప్రకారం నిన్ను లేపి, ఆ ఆకులు పారబోసి, మళ్ళీ కొయ్యాలి. నేను పక్కన కూర్చున్నాను. నువ్వు లేచేదాకా కూర్చున్నాను. మర్నాడు మళ్ళీ కోద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే గాలి మొదలైంది. తెల్లారేసరికి దారంతా చెట్లు. కోసిన ఆ సంచి ఒక్కటే మిగిలింది. పంపేశాను.

ఇప్పుడు అదే రోజు మళ్ళీ వచ్చినా నిన్ను లేపను.

మీ అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, ఆ ఎండాకాలం మాట ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తొద్దని. నేను ఎత్తలేదు. ఇన్నాళ్ళకి పేలు ఎత్తాయి, నేనేం చెయ్యను?

ఇదంతా ఆఫీసుకి రాసి పంపాను, తమ్ముడి సంగతి తప్ప. అది ఆఫీసుకి సంబంధం లేదు. మీ మేడంకి కూడా ఒక ప్రతి పంపాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు.

పెద్దమ్మ


ప్రయోగశాల మెట్ల మీద

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఇక్కడే, మెట్ల మీదే చదివాను. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

నా చేతి పొరపాటని నీకు రాసింది అబద్ధం. నమూనాతో పాటు ప్రతిసారీ వట్టి నీళ్ళు పోసిన గొట్టం ఒకటి నడుపుతాం. నా చేతినుంచో నా తలనుంచో ఏదైనా పడితే అందులోనూ కనబడాలి. అది శుభ్రంగా ఉంది. అంటే పేను ముందు నుంచీ పొడిలోనే ఉంది, కోత దగ్గరే కలిసింది. నువ్వు "ఇది రాసిపెట్టుకో" అన్నావు కదా. ఆ మాట నీకు తిప్పి పంపడానికి నాకు చేతులు రాలేదు. ఆఫీసు నీకు రాస్తుందని అనుకోలేదు.

పెద్దమ్మా, నాకొక కల ఉండేది. ఎప్పుడైనా బాగా అలిసి పడుకుంటే వచ్చేది. పచ్చటి చీకటి, చెవుల దగ్గర గరగర, లేత చేదు వాసన, ఎవరో పక్కనే ఉన్నారన్న ధీమా. అది కలేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నీ మోకాలు కొరికింది మాత్రం గుర్తు లేదు. క్షమించు.

తమ్ముడి సంగతి ఉత్తరంలో కాదు, అమ్మ దగ్గర కూర్చుని మాట్లాడతాను.

మేడం నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో ఉండే పురుగులు ఇంకేమైనా దొరికాయా ఆ డబ్బాలో? బొద్దింక? ఈగ?" అని అడిగింది. వెతికాను. ఏవీ లేవు. పేను ఒక్కటే. "అయితే అదెలా వచ్చిందో మనకి తెలిసింది. దాన్నొక్కదాన్ని పక్కన పెట్టు. మిగతావేవీ పిల్లల తలల్లో బతికే రకం కాదు" అంది. ఆ తర్వాత, "ఎంతసేపు పడుకున్నావట?" అని అడిగింది.

ఆ ఏడు ఉంటుంది పెద్దమ్మా. లెక్కలో ఉంటుంది. గాలికి ముందే వెళ్ళిపోయారన్న మాట ఇక ఎవరూ కొట్టేయలేరు. నీవల్లే.

నీ మిడత


అడవి కేంద్రం, వరండా

మిడతా,

సంతోషం. నాకు మాత్రం మందలింపు కాగితం వచ్చింది. నా ఫైలులో పెడతారట. ఖాళీ ఫైలు, దానికీ కాస్త తోడు ఉండనీ.

ఇంకో షరతు కూడా పెట్టారు. ఈసారి కోత దగ్గర ప్రయోగశాల నుంచి వచ్చిన మనిషి నా వెనకే నిలబడి అన్నీ సరిగ్గా చేస్తున్నానో లేదో చూస్తాడట. ఎవడో గడ్డపాయన వస్తాడు, నిన్న పుట్టి ఇవాళ నాకు దుప్పటి ఎలా పరవాలో చెబుతాడు. కోపం రావాలి, కానీ కోపానికీ ఓపిక కావాలి కదా. రానీ. వాడికి పొడుగు కర్ర ఇస్తాను, అత్తగారి కొమ్మ వాడే కోస్తాడు.

అమ్మతో మాట్లాడావా? నేను మాట తప్పానని చెప్పు. నీ నోటితో వింటే తక్కువ తిడుతుంది.

పెద్దమ్మ


అమ్మావాళ్ళ ఇల్లు, వంటగది బల్ల

పెద్దమ్మా,

ఆ గడ్డపాయన నేనే. మేడం నా పేరు పంపింది. "పేల సంగతి తెలిసిన మనిషే మంచిది" అని ఆఫీసుకి రాసిందట. తొడుగులు, దుప్పటి, తలకి గుడ్డ, అన్నీ కొత్తవి తెస్తున్నాను. నీ వెనకే నిలబడతాను. నోరెత్తను.

పట్టిక పూర్తయింది. పెద్దగాలి ఏడు వరస చివర ఒక చుక్క పెట్టి, కింద చిన్న అక్షరాలతో రాశాను: తల పేను, ఆకుల సంచిలో తల పెట్టి నిద్రపోయిన పిల్లది. "నిద్రపోయిన" అన్న మాట మేడం కొట్టేస్తుందనుకున్నాను. కొట్టలేదు.

ఇవాళ అమ్మకి చెప్పాను. గిన్నెలు కడుగుతోంది. పేలు అనగానే ఇంతెత్తున లేచింది. "మా పిల్లకి పేలా? ఎవరే అన్నది?" అని. నువ్వు రాసిన ఉత్తరం చేతికిచ్చాను. నీళ్ళు కట్టేసి, తడి చేతులతోనే పట్టుకుని చదివింది. నాలుగు చోట్ల సిరా పాకింది.

ఉత్తరం మడిచి, "ఆ పొడిలో మనుషులు కూడా తెలుస్తారా?" అని అడిగింది.

"మేం పురుగుల్నే చదువుతామమ్మా" అన్నాను.

"పోనీలే. వాడు అక్కడికి రాలేదుగా" అంది. తర్వాత, "నువ్వు పడుకున్నావు. అది నయం. నువ్వు అసలు పడుకోవడం లేదని మీ నాన్న చెబితే, అక్కడ మంచం మీద నాకు అదే దిగులు" అంది.

నువ్వు లేపకుండా కూర్చున్నట్టే అమ్మ పక్కన కూర్చున్నాను.

చివరికి కళ్ళు తుడుచుకుని విసుగ్గా, "ఎత్తొద్దని నేనే అన్నాను, సరే. చిన్నప్పటి నుంచీ నేను చెప్పింది ఒక్కటీ వినని మనిషి, ఇది మాత్రం ఇన్నేళ్ళు ఎందుకు విన్నట్టు?" అంది.

కోతకి తనూ వస్తుందట. పనిలేని మనిషి దగ్గర నిలబడకూడదన్నాను. దుప్పటి తను పట్టుకుంటానంది.

వరండాలో మూడు మంచాలు వెయ్యి.

మిడత